ఎదురు బండి రాని రోడ్డు

నవంబర్ 3, సోమవారం

ఈ రోజు కొట్టు తెరిచాను. షట్టర్ బిగుసుకుపోయింది. పక్క పంక్చర్ షాపు బెంజిమిన్ గడ్డపార తెచ్చి కింద పెట్టి లేపాడు.

"నీ కొట్టు ముందర కుక్కలు కాపురం పెట్టినయి భాయ్. పిల్లల్ని గూడా కన్నయి. ఖాళీ చెయ్యమంటే నన్నే అద్దె కాగితం చూపించమన్నయి" అన్నాడు.

నవ్వాను. నవ్వి చాలా రోజులైంది.

రెండు బండ్లు వచ్చాయి. ఒకదానికి ఆయిల్ మార్చాను, ఒకదానికి క్లచ్ కేబుల్ వేశాను. పని అయ్యాక ఎక్కి తిప్పి చూసే ట్రయల్ మాత్రం బండి వాళ్లే చూసుకున్నారు. నాకు మోకాలు ఇంకా నొప్పిగా ఉంది.

షాహిస్తా ఎడమ చెయ్యి భుజం ఎత్తుకు లేపింది. మెడ కింద ఎముకకు వేసిన ప్లేటు బాగానే కుదురుకున్నదట. జడ మాత్రం ఇంకా పక్కింటి గుల్జార్ బేగం వచ్చి వేసి పోతున్నది.

నవంబర్ 4

ఒక సెల్ఫ్ మోటారు. ఒక చైన్ సెట్టు. ట్రయల్ వాళ్లే.

నవంబర్ 7, శుక్రవారం

జుమ్మాకు నడిచి వెళ్లాను. దారిలో తెలిసినవాళ్లు బండి ఆపి ఎక్కమన్నారు. నడక మంచిదని డాక్టరు చెప్పాడన్నాను. ఏ డాక్టరూ చెప్పలేదు. అయినా నడక మంచిదే.

నా బండి వసారాలో ఉంది. షాహిస్తా దాని మీద పాత దుప్పటి కప్పింది. దుమ్ము పడుతుందని అన్నది. నేను అడగలేదు.

నవంబర్ 10, సోమవారం

కొట్టు మూసి నరసరావుపేట వెళ్లొచ్చాం, షాహిస్తా భుజానికి కసరత్తు చేయించే డాక్టరు దగ్గరికి. బస్సులోనే. ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, కిటికీ పక్కన కూర్చుని కండక్టరు నాకు టికెట్ కొడుతుంటే చూసి నవ్వింది. "చూశావా, ఈ బస్సు నాది. నువ్వు కిరాయికి ఎక్కావు" అన్నది.

బస్సు సుఖంగానే ఉంది. ఎదురు ఎవరొస్తున్నారో చూడాల్సిన పని లేదు.

తిరిగి వచ్చేటప్పుడు, "అమ్మ దగ్గరికి పోవాలయ్యా" అన్నది. మా అత్త పీరాంబీకి చూపు ఆనదు. కూతురికి దెబ్బ తగిలిన కాడి నుంచి రాలేదు, ఫోనులోనే ఏడుస్తున్నది. వాళ్ల పల్లె వెల్దుర్తి అవతల, రోడ్డు దిగి లోపలికి. బస్సు పోదు. వెల్దుర్తిలో దిగి ఆటో చూసుకుందాం అన్నాను.

"ఆటో" అన్నది. పిడుగురాళ్ల దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నది.

నవంబర్ 12

ఒక దీపమే కనపడింది. మోటర్ సైకిల్ అనుకున్నాను.

నవంబర్ 13

నిన్న ఆ ఒక్క ముక్క రాసి మూసేశాను. మిగతాది కూడా రాసేస్తే పోతుందేమో.

పోయిన నెల అత్త వాళ్ల పల్లె నుంచే వస్తున్నాం. మగ్రిబ్ నమాజు వేళ దాటింది, పూర్తిగా చీకటి పడలేదు. షాహిస్తా వెనకాల కూర్చుని గోంగూర కట్టలు ఒళ్లో పెట్టుకున్నది. ఎదురుగా ఒక దీపం వస్తున్నది. ఒక దీపం అంటే మోటర్ సైకిల్. మోటర్ సైకిల్‌కు ఎంత చోటు వదలాలో అంత వదిలాను.

అది పత్తి ట్రాక్టరు. నా వైపు దీపం పోయింది. అవతలి వైపుది వెలుగుతున్నది.

తొట్టి తగలకుండా మార్జిన్‌లోకి తిప్పాను. అక్కడ కంకర. షాహిస్తా కల్వర్టు దిమ్మ మీద పడింది. నాకు మోకాలు గీరుకుపోయింది, అంతే. ట్రాక్టరు అతను ఆపి పరుగెత్తుకొచ్చాడు. ఆ తొట్టిలోనే, పత్తి మీదే పడుకోబెట్టి మాచర్ల తెచ్చాం. పత్తికి నెత్తురు అంటింది. అతను ఒక్క మాట అనలేదు. దారి పొడుగునా షాహిస్తా నా చెయ్యి పట్టుకుని, "గోంగూర తెచ్చావా, రోడ్డు మీదే వదిలేశావా" అని అడుగుతూ వచ్చింది.

రాశాను. ఏమీ పోలేదు.

నవంబర్ 17, సోమవారం

హైస్కూల్ జ్ఞానయ్య మాస్టారు వచ్చారు. ఆయన బండికి ముందు బ్రేకు పట్టేస్తున్నది. నడి స్టాండు వేసి, ముందు చక్రం లేపి తిప్పి చూశాను. బాగానే తిరిగింది.

"బాగానే ఉంది సార్" అన్నాను.

"నిలబెడితే బాగానే ఉంటది హబీబుల్లా. నిలబెట్టి దండం పెట్టుకోటానికా నేను కొనుక్కుంది? ఎక్కి చూడు."

"మోకాలు సార్."

ఆయన నా మోకాలు వైపు చూశారు. అప్పుడు నేను చక్రం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాను, మడమల మీద.

బండి తీసుకుని పోయారు.

నవంబర్ 19

పని నాకు ఎవరూ నేర్పలేదు. విప్పడం, బిగించడం, ఎక్కి తిప్పి చూడడం, మళ్లీ విప్పడం. అట్లాగే వచ్చింది. బండి నిలబడి ఉన్నప్పుడు దాని జబ్బు చెప్పదు. సాగర్ రోడ్డు మీద మిల్లు దాకా పోయి వస్తే చెప్తుంది. ఆ పోయి రావడమే నా పని, మిగతాది స్పానర్లు చేస్తాయి.

ఇవాళ ఒక పాత ఖాతాదారు నా కొట్టు ముందు నుంచే పోయి బస్టాండు వైపు కొట్టులో బండి ఇచ్చాడు. బెంజిమిన్ కూడా చూశాడు.

"ఉప్పు చూడని వంటోడి దగ్గర ఎవుడు తింటాడు భాయ్" అన్నాడు. తర్వాత నొచ్చుకున్నట్టున్నాడు, టీ తెప్పించాడు.

సీట్లు కుట్టే మెషీన్ ఒకటి అమ్మకానికి ఉందని విన్నాను. రెక్సిన్ పని. కూర్చుని చేసుకోవచ్చు. మోకాలికి కూడా మంచిది.

నవంబర్ 23, ఆదివారం

కోటయ్య గారి అబ్బాయి ప్రవీణ్ హైదరాబాద్ నుంచి వచ్చాడు, అక్కడ ఏదో కంపెనీలో పని. పెద్ద బండి కొన్నాడు. సర్వీసుకు అక్కడ ఎవరికీ ఇవ్వడట, ట్రాలీలో వేసుకుని నా దగ్గరికే తెచ్చాడు. వాళ్ల నాన్న పొలం బండ్లు, పార్టీ బండ్లు అన్నీ నా చేతి మీదనే నడిచాయి.

"మామా, డిసెంబర్ పద్నాలుగున ట్రాక్ డే ఉంది. నువ్వు నాతో రావాలి."

"అదేంది?"

"రేసులు పెట్టే రోడ్డు ఉంటది గదా, హైదరాబాద్ అవతల చిన్నదొకటి ఉంది. ఆ రోజు మనలాంటోళ్లకి ఇస్తారు. సొంత బండి తెచ్చుకుని తిరగొచ్చు. పందెం కాదు. నేర్చుకోటానికే."

"తిరిగి ఏడకి పోతారు?"

"ఏడకీ పోం. బయల్దేరిన కాడికే వస్తాం."

బెంజిమిన్ ట్యూబు నీళ్లలో ముంచుతూ, "మా తాత గానుగెద్దు గూడా అదే చేసేది బాబూ. దానికి హెల్మెట్ లేదంతే" అన్నాడు.

ప్రవీణ్ కూడా నవ్వాడు. తనతో ఒక మెకానిక్కు ఉంటే ధైర్యమన్నాడు. ప్రమాదం సంగతి అతనికి తెలియదు. నేను చెప్పలేదు. పని ఎక్కువగా ఉంది, కుదరదన్నాను. ఆ సమయానికి కొట్లో అతని బండి తప్ప ఇంకొకటి లేదు.

నవంబర్ 30, ఆదివారం

ప్రవీణ్ ఇంటికి ఫోను చేశాడు. షాహిస్తా ఎత్తింది. నన్ను అడగకుండా "వస్తాడు" అని చెప్పింది.

"ఎవరొస్తారు? నా మోకాలు..."

"నమాజులో వంగే మోకాలు బండి ఎక్కితేనే నొస్తదా?"

ఆమె అన్నం పెడుతూనే ఉన్నది, కుడి చేత్తో.

"పడింది నేను. నేను లేచి కూర వండుతున్నా. నువ్వు ఇంకా ఆ కల్వర్టు కాడే కూర్చున్నావు. నేను ఒక్కదాన్నే ఇంటికి వచ్చినట్టుంది నాకు."

కూర బాగుందన్నాను.

డిసెంబర్ 2

వెళ్తున్నాను. హైదరాబాదులో ఒక టార్క్ రెంచి, బోల్టులు లెక్కగా బిగించేది, కొనాల్సి ఉంది. దాని కోసమే.

డిసెంబర్ 9

ప్రవీణ్ బండి పని అయింది. ఆయిల్, బ్రేకు ప్యాడ్లు, చైన్. ట్రయల్ ప్రవీణ్ అక్కడే చూసుకుంటాడు.

డిసెంబర్ 13, శనివారం

మధ్యాహ్నం ట్రాలీలో బండి కట్టుకుని బయల్దేరాం. ముందు సీట్లో డ్రైవరు, ప్రవీణ్, నేను. సాగర్ దగ్గర కృష్ణ దాటేటప్పుడు నీళ్లు నిండుగా ఉన్నాయి. షాహిస్తాకు ఫోటో తీసి పంపాను.

ఎదురు లారీ వచ్చినప్పుడల్లా నా కుడి కాలు కిందికి నొక్కుకుంటున్నది. మాల్ అనే ఊరు దాటాక డ్రైవరు అన్నాడు: "సాయిబు గారూ, బ్రేకు నా దగ్గరుంది. మీ దగ్గర ఉన్నది రేకు. అది చిల్లు పడితే ఓనరు నన్ను అడుగుతాడు."

ప్రవీణ్ గదిలో పడుకుంటున్నాను. కాలు ఇంకా అట్లాగే బిగిసి ఉన్నది.

డిసెంబర్ 14, ఆదివారం

ఈ రోజుది వివరంగా రాయాలి.

పొద్దున్నే చేరుకున్నాం. గుండ్లు, తుమ్మ చెట్లు, మధ్యలో ఆ రోడ్డు. నేను పెద్ద స్టేడియం లాంటిది అనుకున్నాను. అట్లా లేదు. ఒక రేకుల షెడ్డు, నీళ్ల ట్యాంకు, అంబులెన్సు. రోడ్డు మాత్రం నున్నగా ఉంది, అంచులకు ఎరుపూ తెలుపూ రంగు. మలుపుల అవతల పాత టైర్లు పేర్చి కట్టారు. కుక్క గానీ గేదె గానీ రాకుండా చుట్టూ కంచె.

లోపలికి పోనిచ్చే ముందు బండ్లు చూస్తున్నారు. అద్దాలు తీసేయమన్నారు. వెనక వచ్చేవాడి సంగతి వెనక వచ్చేవాడే చూసుకోవాలట. తర్వాత ముందు దీపానికి టేపు వేయమన్నారు. పడితే గాజు రోడ్డు మీద చెదరకుండా. నేను టేపు పట్టుకుని కాసేపు నిలబడిపోయాను.

"ఏంది మామా?" అన్నాడు ప్రవీణ్.

"ఏం లేదు" అని వేశాను. మొత్తం మూసేశాను.

నేర్పే ఆవిడ పేరు సంజన. హైదరాబాద్ మనిషి. ముప్పై దాటి ఉంటాయి. అందరినీ కూర్చోబెట్టి జెండాలు చూపించింది. పసుపు అంటే మెల్లగా, ఎరుపు అంటే ఆట ఆపి మెల్లగా షెడ్డుకు చేరడం. ఎవరూ ఎవరికీ ఏమీ నిరూపించక్కర్లేదని చెప్పింది. వింటున్నవాళ్లంతా తలలూపారు. ఊపినవాళ్లలో సగం మంది నిరూపించడానికే వచ్చినట్టున్నారు.

ఇక్కడ నా తప్పు రాయాలి. ప్రవీణ్ తోలు సూటు వేసుకోవడానికి షెడ్డులోకి పోయాడు. నేను అలవాటుగా వెనక టైరు నొక్కి చూశాను. మెత్తగా అనిపించింది. మాది మిరప టిక్కీలు, పత్తి బోరాలు, ఏదో ఒక బస్తా వెనక కట్టుకుని పోయే ఊరు. వెనక చక్రం రాయి లాగా ఉండాలి. ఎవరినీ అడగలేదు. పంపు తెచ్చి రెండు చక్రాలకూ మన ఊరి లెక్కన గాలి కొట్టాను. మంచి పని చేశాననుకున్నాను.

రెండో చుట్టులోనే, పొడుగు రోడ్డు దాటాక వచ్చే కుడి మలుపులో వెనక చక్రం జారింది. నేను కంచె దగ్గర నిలబడి చూస్తున్నాను. బండి ఒక పక్కకు, ప్రవీణ్ ఒక పక్కకు గడ్డిలోకి జారిపోయారు. ఎర్ర జెండా ఊపారు. నా చెవుల్లో ఏమీ వినపడలేదు. అతను లేచి నిలబడి చెయ్యి ఊపాకే కంచె వదిలాను.

ఎడమ మణికట్టు కాస్త వాచింది. మిగతా ఏమీ కాలేదు. ఆ సూటు పుణ్యమే.

సంజన వచ్చి వంగి టైరు మీద చెయ్యి పెట్టింది. గేజీ పెట్టి చూసింది.

"గాలి ఎవరు కొట్టిన్రు?"

"నేనేనమ్మా."

"ఎందుకింత?"

"మా ఊళ్లో వెనకాల బస్తాలుంటాయి."

ఆమె నా ముఖం చూసింది. కోప్పడుతుందనుకున్నాను. "ఇక్కడ బస్తాల్లేవు కదన్నా" అన్నది. "తిరుగుతుంటె టైరు వేడెక్కుతది, గాలి ఇంకా పెరుగుతది. మరీ గట్టిగుంటె రోడ్డును పట్టుకోదు. కొంచెం మెత్తగుంటెనే పట్టుకుంటది." తగ్గించి చూపించింది. నేను నొక్కి చూశాను. ఇంత మెత్తటి టైరుతో మా ఊళ్లో ఎవరినీ పంపేవాణ్ణి కాదు.

ప్రవీణ్‌కు సారీ చెప్పాను. "నువ్వు బస్తాలు గూడా కట్టి ఉంటే నిలబడేది మామా" అని నవ్వాడు. నవ్వు అతనికి రావచ్చు. నాకు రాలేదు.

హేండిల్ పక్కకు తిరిగింది, క్లచ్ లివర్ వంగింది, కాలు పెట్టే రాడ్డు విరిగింది. పక్కవాళ్ల దగ్గర రాడ్డు ఒకటి దొరికింది. చెట్టు నీడలో కూర్చుని అన్నీ సరిచేశాను. చేతులు పనిలో పడ్డాక కుదుటపడ్డాయి.

అప్పుడు సంజన మళ్లీ వచ్చింది. పడిన బండిని ఎవరైనా మెల్లగా తిప్పి చూస్తే తప్ప గుంపులోకి పంపదట. మధ్యాహ్నం భోజనాలప్పుడు కొత్తవాళ్లను ఆమె తన వెనకాల మెల్లగా తిప్పుతుంది. అప్పుడు చూడవచ్చన్నది. ప్రవీణ్ మణికట్టుకు ఐసు పెట్టుకుని ఉన్నాడు.

"మా హబీబ్ మామ ఉన్నాడుగా మేడమ్" అన్నాడు. "తను ఎక్కి చూడందే ఎవరికీ బండి ఇయ్యడు. మా నాన్న తిట్టినా ఇయ్యడు. మాచర్లలో ఆయన పేరే అది."

మోకాలు అని నోటిదాకా వచ్చింది. ప్రవీణ్ నా వైపు చూస్తున్నాడు, ఆ మాట నిజమన్నట్టు. రెండు నెలల కిందటి దాకా నిజమే.

సూటు పొట్ట దగ్గర పట్టలేదు. ఇద్దరు కలిసి జిప్పు లాగారు. మెడ పట్టీ గీసుకుపోతున్నది. బండి ఎక్కాను.

సంజన ముందు, నేను వెనక. మిగతా కొత్తవాళ్లను తర్వాత తిప్పుతానని చెప్పి నన్ను ఒక్కణ్ణే తీసుకుపోయింది. ఎంత మెల్లగా పోయానంటే, ఆమె బండి రెండుసార్లు ఆగిపోబోయింది. మొదటి మలుపు రాగానే బ్రేకు వేసి ఎడమ అంచుకు పోయాను. రెండో మలుపులోనూ అంతే. టైర్లు పేర్చిన చోట అవతల ఏముందో కనపడదు. కనపడని చోట నాకు ఒక దీపం కనపడుతున్నది.

ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. హెల్మెట్ అద్దం లేపింది.

"అన్నా, రోడ్డంత మీదే. అంచుకెందుకు పోతున్రు?"

"ఎదురు..."

"ఎదురు ఎవ్వరు రారు."

టైర్లు పేర్చిన మలుపు వైపు చూశాను.

"ఎవ్వరు రారన్నా. అందరం ఒక్క దిక్కే. మలుపు చివర చూడండి, చక్రం ముందర కాదు. మీరు చూసిన కాడికే బండి పోతది."

ఆమెకు నా సంగతి తెలియదు. అందరికీ చెప్పే మాటే అయి ఉంటుంది.

మళ్లీ బయల్దేరాం. ఎదురు ఎవరూ రారు అని నాలో నేను అనుకుంటూ పోయాను. పొడుగు రోడ్డు మీద నడి మధ్యకు వచ్చాను. పెళ్లయిన కొత్తలో కూడా నేను రోడ్డు మధ్యలో పోలేదు. రెండు వైపులా ఖాళీ. మూడో గేరు వేశాను. ప్రవీణ్ పడిన మలుపు దగ్గర గడ్డి చీరుకుపోయి ఎర్ర మట్టి కనపడుతున్నది. దాని మీది నుంచి చూపు తీసి మలుపు చివర పెట్టాను. బండి అటే పోయింది.

ఆ తర్వాత చుట్టులో ఒక శబ్దం వినపడింది. కుడికి తిప్పినప్పుడు యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడో రాసుకుంటున్నది. నిలబెట్టినప్పుడు రాలేదు. మళ్లీ కుడి మలుపులో విన్నాను. ఎడమకు తిప్పి చూస్తే లేదు. హేండిల్ సరిచేసేటప్పుడు కేబుల్‌ను తప్పు వైపు నుంచి తెచ్చానన్నమాట. అట్లాగే ఇంకో చుట్టు చెవి దానికే ఇచ్చి తిరిగాను. సంజన షెడ్డు వైపు చెయ్యి చూపించేసరికి గానీ గుర్తు రాలేదు, నేను భయపడుతూ ఎక్కానని.

కేబుల్ మార్చి కట్టాను. మణికట్టుకు గుడ్డ చుట్టుకుని ప్రవీణ్ సాయంత్రం ఆఖరి గుంపులో తిరిగాడు. మెల్లగానే తిరిగాడు. నేను కంచె దగ్గర కాదు, షెడ్డు దగ్గర కూర్చుని టీ తాగాను. శబ్దం బట్టి ఎక్కడున్నాడో తెలుస్తూనే ఉంది.

టార్క్ రెంచి కొనలేదు. ఆదివారం కొట్లు ఉండవని నాకు ముందే తెలుసు.

డిసెంబర్ 15, సోమవారం

బస్సులో వచ్చాను. మాచర్ల బస్టాండులో దిగి, ఎదురు వచ్చే ఆటోలు, బండ్లు, సైకిళ్లు చూస్తూ కాసేపు నిలబడ్డాను. అక్కడ తిరగడం తిరగడం కాదు. ఎదురు ఎవరూ రాకపోతే ఎవరైనా తిరుగుతారు.

"ఎట్లుంది?" అన్నది షాహిస్తా.

"బాగానే ఉంది. చిన్న రోడ్డు."

"ఎక్కావా?"

"ప్రవీణ్ ఎక్కాడు."

నా వెనక్కి వచ్చి చొక్కా కాలరు పక్కకు లాగింది. మెడ పట్టీ గీసుకున్న చోట ఎర్రగా కమిలి ఉందట. ఎట్లా అయిందని అడగలేదు. కొబ్బరినూనె తెచ్చి రాసింది. రాసి పోయాక తట్టింది నాకు, రాసింది ఎడమ చెయ్యి.

డిసెంబర్ 17

బెంజిమిన్ దగ్గర గాలి పెట్టించుకోవడానికి పత్తి ట్రాక్టరు ఆగింది. వేరే ఊరిది. కుడి దీపం లేదు. గాజు ఉంది, లోపల బల్బు నల్లబడిపోయింది. లేచి వెళ్లి స్క్రూలు విప్పడం మొదలుపెట్టాను.

"ఓ సాయిబూ, ఏంది, నేనేమన్నా అడిగానా?" అన్నాడు డ్రైవరు.

"అడగలేదు."

"పట్టపగలు దీపంతో పనేంది?"

"సాయంత్రం అవుతది గదా."

"ఒకటి వెలుగుతుందిలే. నాకు దారి కనపడతది."

"నీకు కనపడతది. నువ్వు కనపడవు."

అతను ఏదో అనబోయాడు. బెంజిమిన్ మధ్యలో వచ్చి, "మా కాడ గాలి పెట్టించుకుంటే దీపం ఫ్రీ. ఈ ఒక్క రోజే. పో, స్విచ్చి ఎయ్యి" అన్నాడు. నల్లబడిన బల్బు తీసి నా దగ్గరున్నది వేశాను, రెండు దీపాలూ వెలిగాయి. ఎండలో సరిగ్గా కనపడలేదు. చేతులు అడ్డం పెట్టి చూశాను. వెలుగుతున్నాయి.

ట్రాక్టరు పోయాక బెంజిమిన్ నా వైపు చూసి, "రేపు గూడా ఫ్రీయేనా?" అన్నాడు. "రేపు గూడా" అన్నాను. అతను లోపలికి పోయాడు. చిల్లర సామాన్ల డబ్బాలో తన దగ్గరున్న పాత ట్రాక్టరు బల్బులు తెచ్చి నా బల్ల మీద పోశాడు.

డిసెంబర్ 18

రెండు ట్రాక్టర్లు, ఒక ఆటో. ఆటోవాడు థాంక్స్ చెప్పాడు. ట్రాక్టరువాళ్లలో ఒకడు తిట్టాడు.

డిసెంబర్ 19, శుక్రవారం

నేనే జ్ఞానయ్య మాస్టారి ఇంటికి నడిచి వెళ్లి బండి తాళం అడిగాను. ఆయన తెచ్చి ఇచ్చారు. గేటు దాకా వచ్చి నిలబడ్డారు.

సాగర్ రోడ్డు మీద మిల్లు దాకా పోయాను. ఎదురు బస్సు వచ్చింది. గేదెలు వచ్చాయి. గడ్డిమోపు కట్టుకున్న టీవీఎస్ వచ్చింది, మోపు తప్ప మనిషి కనపడలేదు. ప్రతిదానికీ చెమట పట్టింది. ప్రతిదీ పోయింది. మిల్లు దగ్గరకు వచ్చేసరికి ముందు బ్రేకు పట్టేయడం మొదలైంది. కాస్త దూరం పోయి వేడెక్కితే గానీ పట్టదు. కొట్లో చల్లగా నిలబెట్టి చూస్తే ఎట్లా తెలుస్తుంది. బ్రేకు కాలిపర్ లోపలి పిస్టన్‌కు తుప్పు. విప్పి శుభ్రం చేశాను. మళ్లీ మిల్లు దాకా పోయి వచ్చాను.

"ఇప్పుడు మోకాలు ఎట్లుంది?" అన్నారు మాస్టారు తాళం తీసుకుంటూ.

"తగ్గింది సార్."

"తగ్గుతది" అన్నారు.

డిసెంబర్ 21, ఆదివారం

పొద్దున చాయ్ తాగి వసారాలోకి వెళ్లి దుప్పటి తీశాను. షాహిస్తా వంటింట్లోంచి చూస్తున్నదని తెలుసు. ఇన్నాళ్లు నిలబెట్టిన బండి, బ్యాటరీ చచ్చిపోయి ఉంటుందని స్పానర్లు కూడా పక్కన పెట్టుకున్నాను. ఒక్కసారి నొక్కగానే స్టార్ట్ అయింది.

ఆమె వైపు చూశాను.

"నువ్వు కొట్టుకు పోయాక రోజూ కాసేపు ఆన్ చేసి పెడుతున్నా" అన్నది. "సెల్ఫ్ నొక్కటానికి ఎన్ని చేతులు కావాలి?"

ముందు దీపం చూశాను. వెనక దీపం, బ్రేకు దీపం చూశాను. రెండు టైర్లలో గాలి కాస్త తగ్గించాను.

షాహిస్తా "ఎక్కడికి?" అని అడగలేదు. బురఖా వేసుకుని, అత్తకు ఇవ్వాల్సిన మందుల సంచి పట్టుకుని వచ్చింది. ఎక్కేటప్పుడు ఎడమ చెయ్యి నా భుజం మీద వేసింది. కుడి చెయ్యి సీటు పట్టుకుని ఉన్నది. ఊరు దాటేదాకా ఆ పట్టు వదలలేదు.

ఎండ బాగా ఉంది. దారి పొడుగునా రెండు పక్కలా పత్తి చేలు. ఎదురు ఒక కారు, తర్వాత ఒక ట్రాక్టరు. ట్రాక్టరుకు చాలా ముందే మెల్లగా చేసి, పూర్తిగా చోటు ఇచ్చాను. డ్రైవరు చెయ్యి ఊపాడు. మా కొట్టు దగ్గర తిట్టినవాడే అనుకుంటాను.

కల్వర్టు వచ్చింది. దిమ్మ అంచు ఊడిపోయి ఉంది. కంకర అట్లాగే ఉంది. నేను అటు చూడలేదు. రోడ్డు చివర చూశాను. షాహిస్తా మాత్రం తల తిప్పి చూసింది, నాకు ఆమె కదలిక తెలిసింది.

"ఇక్కడేగా?" అన్నది.

"ఊఁ."

"గోంగూర కూడా మొలవలేదు. అన్ని కట్టలు పడ్డాయి."

కల్వర్టు దాటాం. సైకిలు మీద పోతున్న ముసలాయన ఒకాయన మమ్మల్ని దాటి ముందుకు పోయాడు. షాహిస్తా అది చూసి సీటు వదిలి, కుడి చెయ్యి కూడా తెచ్చి నా నడుం చుట్టూ వేసింది.

"ఇట్లా పోతే మా అమ్మ కళ్లు పూర్తిగా పోతాయి, మనం చేరేలోపల. బస్సే నయం కదయ్యా" అన్నది.

కొంచెం పెంచాను.